జానెడు

బెంజి సర్కిల్ దాటాక ఆ హోటల్లో
మూడో అంతస్తు హాలు.
ఏసీ ఎంత చల్లగా ఉందంటే
తాష్కెంట్ నుంచి వచ్చినామె కూడా శాలువా కప్పుకుంది,
నిన్న సన్మానంలో మేం కప్పిన శాలువానే.

ఆకాశంలో తమంతట తామే దారి దిద్దుకునే యంత్రాల మీద
అంతర్జాతీయ సదస్సు.
నాకిచ్చిన పనులు: బ్యాడ్జీలు పంచడం,
భోజనాల దగ్గర ఏది కారమో ముందే చెప్పడం,
అవసరమైతే ఇంగ్లీషూ తెలుగూ అటూ ఇటూ మార్చడం.
నా సొంత పేపరు పోస్టరై
చేతులు కడుక్కునే చోటికి పోయే వరండాలో వేలాడుతోంది.
దాని ముందు ఆగినవాళ్ళు ఇద్దరు.
ఒకాయన టవలెక్కడని అడిగారు.

పోస్టర్లో పెట్టని గీత ఒకటి నా ల్యాప్‌టాప్‌లో ఉంది.
గాలి ఎడమకి తోస్తే నా చిన్న విమానం కుడికి తిరుగుతుంది,
కుడికి ఎక్కువైందని ఎడమకి,
ఎడమకి ఎక్కువైందని మళ్ళీ కుడికి,
ఊగి ఊగి గీత కాగితం అంచు దాటిపోతుంది.
ఆర్నెల్లుగా దాన్ని
ఇంకా త్వరగా, ఇంకా గట్టిగా దిద్దుకోమని
చెబుతూనే ఉన్నాను.

నాలుగింటికి బస్సు. ప్రకాశం బ్యారేజీ.
కార్యక్రమంలో 'స్థానిక దర్శనం' అని అచ్చేశారు.
అందరూ కొండ వైపు తిరిగి ఫోటోలు దిగుతుంటే
యుల్దాషెవా ఒక్కతే సీతానగరం వైపు నడిచి
ఒక గేటు దగ్గర ఆగింది.
అక్కడ లస్కరు సాల్మన్ రాజు
గుడ్డతో చేతుల గ్రీజు తుడుచుకుంటున్నాడు.

నీళ్ళు వస్తున్నాయని ఎలా తెలుస్తుంది, అని అడిగింది.
ఇంగ్లీషులో ఉన్న ఒకే ఒక్క 'నువ్వు'ని
నేను 'మీరు' చేశాను.

"కనబడ్డాక ఎత్తితే అప్పటికే ఆలస్యమండి.
పులిచింతల నుంచి ఫోనొస్తుంది.
ఒక్కోసారి ఫోను కన్నా ముందే వాసనొస్తుంది,
కొత్త బురద వాసన."

ఆమె బ్యాగులోంచి కలం తీసింది.

"ఒక్క ఊపున ఎత్తకూడదండి మేడం.
జానెడెత్తాలి. ఆగాలి.
నీరేమంటుందో చూడాలి. మళ్ళీ జానెడు.
మా మేనమామ ఇక్కడే చేసేవాడు,
ఒకసారి కంగారుపడి మూరెత్తాడు.
కిందున్న పల్లెకారుల తిట్లు
నేను పుట్టాక కూడా ఆగలేదండి."

నవ్వుతూ మార్చుకొస్తున్నాను,
'ఆగాలి' దగ్గర నా నవ్వు ఆగింది.
పొద్దున నలభై స్లైడ్లలో ఆమె చెప్పింది ఇదే.
అప్పుడు నేను వెనక వరసలో
భోజనం కూపన్లు లెక్కపెడుతున్నాను.

ఆమె చాలాసేపు కిందికి చూసింది.
దిగువన ఇసుక, ఇసుకలో రెండు సన్నటి పాయలు,
మోకాలి లోతులో గేదెలు.
"నేను కాలువలు తవ్వినవాళ్ళ మనవరాలిని," అంది.
"పత్తి చేలకి నీళ్ళు.
ప్రతి గేటూ లెక్క ప్రకారమే తెరిచారు,
ఏ గేటుదీ తప్పు లేదు.
మా నది మాత్రం సముద్రం దాకా వెళ్ళలేదు."

అది తెలుగులోకి తేవడానికి
నాకు కొంచెం టైం పట్టింది.
సాల్మన్ రాజు గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.
"హంసలదీవికి మాదీ చేరని ఏళ్ళున్నాయండి."

బస్సు హారను కొట్టింది.
వెళ్ళబోతూ ఆమె రెయిలింగు మీద
బొటనవేలూ చిటికెనవేలూ చాపి పెట్టింది.
పక్కన అతనూ పెట్టాడు. రెండంగుళాల తేడా.
జానెడంటే ఎవరి జానెడు, అని అడగమంది నన్ను.

"ఆ పూట గేటు మీద ఎవరి చెయ్యుంటే వాళ్ళదండి."

రాత్రి విందులో గోంగూర కారం కాదని
ఎవరితోనో అబద్ధం చెప్పి
వరండాలో నా పోస్టరు కింద కూర్చున్నాను.
పెద్ద అంకె తీసేసి చిన్నది పెట్టాను,
ఎంత చిన్నదంటే సిగ్గేసింది.

విమానం ఊగింది.
ఇంకా ఊగుతోంది.
కాగితం లోపలే.